విరగని గేరు

ఊళ్లో ఎవరి మిషన్ మొరాయించినా మా ఆయన దగ్గరికే పరుగెత్తుకొస్తారు. గేర్ల డాక్టరని ఆయనకు పేరు. ఆ డాక్టరుగారి ఇంట్లోనే నా స్వెటర్లు అల్లే మిషన్ మూలనపడి ఉందని మాత్రం ఎవరికీ తెలియదు.

దారం చిక్కుపడి లోపలి ప్లాస్టిక్ గేరుకి పళ్లు ఊడిపోయాయి. జబ్బల్లా అదే. బజారుకెళ్లి కొత్తది కొనుక్కొస్తానన్నాను. ఆయనకి నామోషీ ముంచుకొచ్చింది.

"నా ఇంట్లో ప్లాస్టిక్ గేరా? నలుగురూ నవ్విపోతారు. ఉక్కుతో నేనే చేసిస్తా, ఆగు."

"అది విరగడానికే పెట్టారటండీ. మిషన్ అమ్మినావిడ చెప్పింది. దారం ఇరుక్కుంటే అదొక్కటీ విరిగి, మిగతాదంతా బతికిపోతుందట."

"అమ్మేవాళ్లు అలాగే చెప్తారు. మళ్లీ మళ్లీ కొనిపించుకోవాలిగా."

నెత్తీ నోరూ బాదుకున్నాను. శనివారానికి బడిపిల్లల స్వెటర్లు ఇవ్వాలి. నాకొచ్చిన మొదటి పెద్ద ఆర్డరు. మాట తప్పితే ఆ హెడ్మిస్ట్రెస్ మళ్లీ నా గుమ్మం తొక్కదు. వింటే ఆయన ఎందుకవుతారు? రేపు రేపంటూ ఊరందరి మిషన్లూ బాగుచేసి, చివరికి గురువారం పొద్దున ఉక్కు గేరు తెచ్చారు. తోమిన గిన్నెలా తళతళలాడుతోంది. అత్తయ్యకి చూపించారు, పక్కింటావిడని పిలిచి మరీ చూపించారు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ మిషన్ తిరగ్గానే నోరు మూసుకుని పనిలో పడ్డాను. నిజం చెప్పొద్దూ, బాగానే తిరిగింది.

శుక్రవారం మధ్యాహ్నం స్వెటరు చేతులు అల్లుతుండగా మళ్లీ దారం చిక్కుపడింది. స్విచ్చి మీదకి నా చెయ్యి వెళ్లేలోపే లోపల ఫట్‌మంది. ప్లాస్టిక్‌దైతే ఆ క్షణానే విరిగి ఊరుకునేది. ఇది ఊరుకోలేదు, మోటారు లాగినకొద్దీ లాగింది. ఇరుసు వంగిపోయింది. సూదుల వరుస మొత్తం విరిగింది. సగం అల్లిన స్వెటరు అందులోనే నలిగిపోయింది.

కబురందుకుని ఆయన వచ్చి మూత విప్పారు. గేరు బయటికి తీసి, చొక్కాకి తుడిచి, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"చూడవే, ఒక్క పన్ను కూడా కదల్లేదు."

నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. ఏడవలేదు, అరవలేదు. హెడ్మిస్ట్రెస్‌కి ఫోన్ కలిపి ఆయన చేతిలో పెట్టాను.

"మీరే చెప్పండి. స్వెటర్లు రావు గానీ, గేరు మాత్రం నిక్షేపంలా ఉందని చెప్పండి."