హస్తవాసి

ఆదివారం తెల్లవారుజామున చేని గట్టుకు పోయి నేల ఉసిరి కోసుకొచ్చేది నేను. కల్వంలో మెత్తగా నూరి మేకపాలలో కలిపేది నేను. కామెర్లవాళ్లు అరుగు మీద కూర్చుని ఎదురుచూసేది మాత్రం మా ఆయన కోసం. తాతలనాటి మందు. ఆయన స్నానం చేసి వచ్చి, గిన్నె అందుకుని పోస్తాడు. "సోమిరెడ్డి హస్తవాసి అట్లాంటిదప్పా" అని మైదుకూరు సంతదాకా పేరు. నా గోళ్లకు పట్టిన పసరు తొమ్మిదేళ్లుగా వదల్లేదు.

ఆకు పేరు బయట చెప్పకూడదు, ముట్టైన ఆడది తాకకూడదు, తాకితే మందు పట్టదు. కాపురానికొచ్చిన వారంలోనే మా అత్త లక్ష్మీదేవమ్మ చెప్పిన మాటలివి. నిరుడు, కర్నూలు రాజధాని అయిన కొత్తలో, రాయచోటి నుంచి బండి కట్టి తెచ్చిన పెద్దాయన మందు తాగిన నాలుగోనాడు పోయాడు. "ముట్టు దాచిపెట్టి నూరింటావు" అన్నాడు మా ఆయన, నా ముఖం చూడకుండానే. నేను దాచలేదు. కానీ ఆ మాట వినీ వినీ చివరికి నాకే అనుమానం పట్టుకుంది. రోజులు మరిచానేమో, ఒక ప్రాణం నా వల్ల పోయిందేమో అని అన్నం సయించేది కాదు.

మొన్న శ్రావణంలో మా చేన్లో కలుపు తీసే, చర్చికి పోయే విశ్వాసమ్మ ఒళ్లంతా పచ్చబారి వచ్చింది. సరిగ్గా ఆ పొద్దే నేను ముట్టయ్యాను. చెబితే నూరే దిక్కు లేదు. అత్తకు చేతులు వణుకు, మా ఆయన కల్వం ముట్టడు. ఇంకో ఆదివారం దాకా ఆమె ఆగేలా లేదు. చంపితే నన్ను చంపు దేవుడా అనుకుంటూ నోరు మూసుకుని నూరాను. ఆయన ఆమెకు తగలకుండా పైనుంచి దోసిట్లో పోశాడు.

నెల తిరక్కుండా విశ్వాసమ్మ గంపెడు అలసందకాయలు తెచ్చింది. "నీ చెయ్యి శానా చల్లనిది రెడ్డీ" అంది. ఆయన మీసం దువ్వుకున్నాడు.

నాకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు. నా చేయి తగిలితే మందు చెడుతుందన్నారే, మరి ఈమె ఎట్లా బతికింది? ఆమె దేవుడు వేరు గనుకనా? ఆకుకు నా సంగతి తెలియలేదా? ఆకుకే తెలియకపోతే నెలకు మూడు రోజులు కొట్టం పక్కన నేనెందుకు కూర్చున్నట్టు? ఆ పెద్దాయన్ని చంపిందెవరు? బాగైతే ఆయన హస్తవాసి, పోతే నా ముట్టు. ఎవరినడగాలో కూడా తోచలేదు.

నిన్న ఆదివారం మళ్లీ ముట్టయ్యాను. అరుగు మీద కోసిగి నుంచి కూలికి వచ్చిన పిల్ల, ఐదు నెలల కడుపుతో, కళ్లు పచ్చబారి, ఒక్కతే కూర్చుంది. అత్త నన్ను చూసి పసిగట్టింది.

"బయటుండావా ఏమే? పో, కొట్టం కాడ కూచో. ఆ పిల్లను వచ్చే వారం రమ్మంటా."

"వారందాకా ఉంటుందా అత్తా?"

"మన చేతుల్లో ఏముండాది?"

ఆ పిల్ల గోడకు ఆనుకుని వాంతి చేసుకుంటోంది. నేను చేతులు కడుక్కుని కల్వం తెచ్చి ఆమె ఎదురుగా పెట్టాను. మా ఆయన తడి తలతో గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇదో పిల్లా, నేను ముట్టులో ఉండా. ఈ మందు ఎప్పుడూ నూరేది నేనే. తాగుతావా?"

ఆమె మూతి తుడుచుకుంది.

"బిర్న నూరక్కా, తాళలేను" అంది.