రబ్బరు కప్ప చేసిన పని

నేను ఒక రబ్బరు కప్పను. బొటనవేలంత ఉంటాను. ఆకుపచ్చ వీపు, పసుపు పొట్ట, వెనక కాళ్లకు బదులు రెండు రబ్బరు కుచ్చులు. కడుపులో గాలి తప్ప ఏమీ లేదు, అందుకే నీళ్లలో మునగను. వీపు మీద రెండు గాలపు ముళ్లు ఒంటికి అతుక్కుని దాక్కుని ఉండేవి. చేప నన్ను నోట కరిచి నొక్కిందా, నా ఒళ్లు లోపలికి పోయి ఆ ముళ్లు పైకి లేచేవి. ఇదీ నా బతుకు. కత్తి చూడండి, కత్తిలాగే కనబడుతుంది, ఎవరికైనా భయపడే వీలుంటుంది. నేను మాత్రం కప్పలా కనబడి ముల్లులా పనిచేయాలి. ఇంత సిగ్గుమాలిన పుట్టుక పగవాడికి కూడా వద్దు.

సముద్రం అవతల ఏదో ఊళ్లో, ఒక రేకుల షెడ్డులో నన్ను అచ్చు పోశారు. నాకు కళ్లు పెట్టిన ఆడమనిషి రోజుకు వెయ్యి కప్పలకు కళ్లు పెట్టేది. నా వంతు వచ్చేసరికి పక్కావిడ ఏదో అంది, ఈమె నవ్వింది, చెయ్యి కదిలింది, నా ఎడమ కన్ను పైకి పోయింది. అప్పటినుంచి నేను ఆశ్చర్యపోతున్నట్టే కనిపిస్తాను. మనుషుల మధ్యకు వచ్చాక ఆ ముఖం నాకు బాగానే అతికింది.

నన్ను మొదట కొన్నది హైదరాబాదులో, ఉప్పల్‌లో ఉండే ఒక లెక్చరరు. చేపల వేట మనసుకు శాంతినిస్తుందని ఎవరో చెప్తే గాలపు కర్ర, దారం చుట్టే చక్రం, ఎండ టోపీ, నన్నూ ఫోనులోనే తెప్పించుకున్నాడు. వాటిలో టోపీ ఒక్కటే వాడాడు. మూడేళ్లు సొరుగులో పడుకోబెట్టి, యాభయ్యో ఏట కారు నేర్చుకుని లైసెన్సు వచ్చిన సంతోషంలో నన్ను అదే ఉప్పల్‌లో ఉండే తన డ్రైవింగ్ మాస్టారు చేతిలో పెట్టాడు. "సుదర్శన్ సార్, మీకు చేపలంటే ప్రాణం కదా, ఉంచుకోండి" అన్నాడు.

సుదర్శన్‌కు చేపలంటే ప్రాణమే, కాదనను. అంతకన్నా చేపల కథలంటే ఎక్కువ ప్రాణం. స్టీరింగ్ పట్టుకుని వణికే వాళ్లకు భయం పోవాలని మోచేతి పొడుగు కొర్రమట్టల గురించి చెప్పేవాడు. కొర్రమట్ట అంటే మీలో కొందరు కొర్రమీను అంటారే, అదే. చెప్పినప్పుడల్లా చేప జానెడు పెరిగేది. నిజానికి ఆయన పట్టినవన్నీ అరచేతిలో పట్టే జిలేబీ చేపలు. ఈ సంగతి ఆయన భార్య స్వరూపకు తెలుసు, ఏమీ అనేది కాదు. కూతురు లహరికి తెలియదు. పదకొండేళ్ల పిల్ల. "మా డాడీ ఎన్నడు అబద్ధం చెప్పడు" అని స్నేహితులతో పందెం కాసేది.

స్వరూప పుట్టిల్లు నిర్మల్ దగ్గర. ఆమె అన్న భూమన్నకు పసుపు చేను పక్కన సొంత కుంట ఉంది. జిలేబీలు కొన్ని ఉన్నా, దాని నిండా కొర్రమట్టలే. భూమన్న సరే అనకుండా అందులో ఎవరూ గాలం వేయరు. మొన్న వేసవిలో ఒక పెళ్లి పందిట్లో సుదర్శన్ పదిమంది ముందు నోరు జారాడు. "బావా, నీ కుంటల కొర్రమట్టను పట్టి చూపియ్యకపోతే నా పేరు సుదర్శనే కాదు!" అన్నాడు. బావమరిది నవ్వి, "వానలు పడ్డంక రా బావా" అన్నాడు. వాళ్లిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. అన్నమాట నిలబెట్టుకోవడానికి ఆషాఢంలో ఒక ఆదివారం తెల్లవారకముందే భార్యనూ కూతురినీ నన్నూ వెంటేసుకుని బయలుదేరాడు.

కుంట కట్ట మీద నిలబడగానే భూమన్న ఒకటే మాట చెప్పాడు.

"ఏడనన్న ఎయ్యి బావా. అగో, ఆ ఎర్ర గుడ్డ గట్టిన కట్టె కాడ మాత్రం ఎయ్యకు. ఆడ పిల్లలున్నయి."

అది వాళ్ల నాన్న నాటి పద్ధతి. తొలి వానలకు కొర్రమట్ట గుడ్లు పెట్టి పిల్లలు చేస్తుంది. ఎర్రగా, సేమ్యా ముక్కల్లాంటి పిల్లలు వేలకు వేలు ఒకే గుంపుగా పైకొచ్చి గాలి పీల్చుకుని మళ్లీ కిందికి పోతాయి. కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. ఆ గుంపు ఎక్కడుంటే అక్కడ భూమన్న ఒక తుమ్మకట్టె పాతి ఎర్ర గుడ్డ కడతాడు. పిల్లలు జరిగితే మర్నాడు పొద్దున్నే కట్టెను కూడా జరుపుతాడు. రాఖీ పున్నమ దాకా ఆ చుట్టుపక్కల ఎవరూ కాళ్లు కూడా కడుక్కోరు.

"గంత తెల్వదా బావా! పిల్లల తల్లిని పడ్తనా నేను?" అని సుదర్శన్ ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. లహరి ఆయన్నే చూస్తూ గర్వంగా నిలబడింది.

ఇక మొదలైంది నా తిప్పలు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఎన్నిసార్లు విసిరాడో లెక్కలేదు. తుంగలో పడ్డాను, తామరాకుల మీద గెంతాను, ఒకసారి ఆయన చొక్కాకే తగులుకున్నాను. చేప మాత్రం మూతి కూడా చూపించలేదు. "చేపలకు ఇయ్యాల ఒక్కపొద్దున్నట్టుంది బావా" అని భూమన్న నవ్వాడు. చేలో పాక దగ్గర పొయ్యి రాజేస్తున్న ఆయన భార్య రాజవ్వ అక్కణ్ణుంచే కేకేసింది.

"తమ్మీ! చింతపండు నానబెట్టాల్నా, పప్పుల టమాటలెయ్యాల్నా?"

అందరూ పడి పడి నవ్వారు. సుదర్శన్ కూడా నవ్వాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. లహరి ఒక్కతే నవ్వలేదు. "చింతపండే నానబెట్టు అత్తా! మా డాడీ పడ్తడు" అంది. ఆ పిల్ల ఆ ఒక్క మాట అనకపోయినా బాగుండేది.

అన్నానికి అందరూ పాక వైపు నడిచారు. "మీరు పోండ్రి, ఒక్కసారి ఏసొస్త" అని సుదర్శన్ ఆగిపోయాడు. వాళ్ల వీపులు కనబడకుండా పోయేదాకా చూశాడు. తరువాత నన్ను పట్టుకుని నేరుగా ఎర్ర గుడ్డ దగ్గరికి నడిచాడు. నాకు కాళ్లుంటే వెనక్కి పరిగెత్తేదాన్ని.

గుంపు అంచున పడ్డాను. చాటంత మేర నీళ్లు ఎర్రగా మెదులుతున్నాయి. కింద నల్లగా పెద్దది కదిలింది. తల్లో తండ్రో నాకు తెలియదు. అది పైకొచ్చి నన్ను కరవలేదు, నా మాట నమ్మండి. మూతితో ఒక్క తోపు తోసింది, పో అవతలికి అన్నట్టు. ఆకలి మీదున్న చేప నోరెలా తెరుస్తుందో, దానికోసమే అచ్చు పోసిన నా ఒంటికి బాగా తెలుసు. దీనికి ఆకలి లేదు. పిల్లల మధ్యకు వచ్చిన కప్పను తరమాలి, అంతే దాని గొడవ. ఆ తోపుకు నేను గజం దూరం పోయాను. అక్కడితో ఆగినా సరిపోయేది.

సుదర్శన్ నన్ను లాగి మళ్లీ అక్కడే వేశాడు. ఈసారి సరిగ్గా గుంపు నడుమ. నీళ్లు పగిలినట్టు చప్పుడైంది. అది కరిచింది, నా కడుపు నొక్కుకుపోయింది, ముళ్లు లేచి దాని పైదవడలో దిగాయి. బిడ్డల్ని కాపాడుకోవడానికి తెరిచిన నోట్లో దిగబడ్డాను నేను. ఆ నోట్లోంచి చూస్తుంటే పిల్లలన్నీ చెల్లాచెదురై, మళ్లీ దాని వెంటే ఒడ్డు దాకా వచ్చాయి. అది ఎటు పోతే అటు పోవడమే వాటికి తెలుసు.

చేపను ఒడ్డుకు లాగి సుదర్శన్ తలెత్తేసరికి కట్ట మీద లహరి నిలబడి ఉంది. అన్నానికి పిలుచుకు రమ్మని వాళ్లమ్మ పంపింది. ఆ పిల్ల కట్టెను చూసింది, చేపను చూసింది, తండ్రిని చూసింది. వెనక్కి తిరిగి పాక వైపు నడిచింది.

పాక దగ్గర ఒకటే సంబరం. మోచేతి పొడుగు ఉంది, ఈసారి నిజంగానే. రాజవ్వ నీళ్ల టబ్బులో దాన్ని వేసి, ఎగరకుండా పైన గోనె సంచి కప్పింది. కొర్రమట్ట ఊరికే చావదు, తడి ఉంటే గంటలకొద్దీ బతుకుతుంది. "ముందుగాల పప్పు తినుండ్రి, పొద్దుగూకెటాళ్లకు పులుసు పెడ్త" అంది. భూమన్న చేతులు కడుక్కుంటూ మామూలుగా అడిగాడు.

"ఏడ తాకింది బావా?"

"అగో... ఆ తుంగ కాడ" అన్నాడు సుదర్శన్.

భూమన్న ఒక్క క్షణం ఆయన్ను చూసి, లహరి వైపు తిరిగి నవ్వాడు. "నిజమేనా కోడలా? నువ్వు జూసినవా?"

నేను అప్పుడు సుదర్శన్ చొక్కా జేబులో ఉన్నాను. లోపల ఆయన గుండె ఎలా కొట్టుకుందో నేనే చెప్పాలి. ఆ పిల్ల తండ్రి ముఖంలోకి చూసింది. తరువాత చెయ్యి చాపి, సరిగ్గా ఆయన చూపించిన తుంగ వైపే చూపించింది.

"ఆడనే మామా. నేను జూసిన."

సుదర్శన్ బతికిపోయాడు. అలా బతికినందుకు ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద మింగలేకపోయాడు. టబ్బులో చేప తోకతో కొట్టినప్పుడల్లా ఆయన భుజాలు అదిరాయి. లహరి అన్నాన్ని కంచంలో ఇటూ అటూ జరుపుతూ కూర్చుంది. భూమన్న కూడా సరిగా తినలేదు. కుంటలో ఆ పిల్లలు దిక్కులేకుండా ఉన్నాయని అక్కడ ఇద్దరికి తెలుసు, ముగ్గురికేమో అని నాకు అనుమానం. చేప ఇంకా బతికే ఉంది. ఎవరో ఒకరు ఒక్క మాట అంటే చాలు. దాదాపు గంట గడిచింది, ఎవరూ అనలేదు. ఇంతమంది మంచివాళ్లు ఇంతసేపు నోరు మూసుకుని పప్పన్నం ముందు కూర్చోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

రాజవ్వ కత్తిపీట వాల్చింది, బూడిద తెచ్చింది. "రా బిడ్డా, గీ బూడిద పట్టు, చేప జారుతది" అని లహరిని పిలిచింది. లహరి లేచి రెండడుగులు వేసి, అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆగక్కా" అన్నాడు సుదర్శన్. "బావా... కట్టె కాడ పట్టిన. తుంగ కాడ గాదు. తెలిసే పట్టిన."

"నాకెర్కే బావా" అన్నాడు భూమన్న తల దించుకుని. "తుంగ కాడ మోకాలు లోతు నీళ్లు గూడ లేవు. గంత పెద్దది ఆడ ఎట్లుంటది?"

స్వరూప అన్న మీదికి లేచింది. "ఎర్కున్నోనివి అప్పుడే అనకపోతివి! ఇంతసేపు ఏం జేసినవన్నా?"

"ఇంటల్లుణ్ణి చెల్లే. నలుగురి ముంగట అబద్ధమాడినవని ఎట్లంట? ఆయనే జెప్తడని జూసిన."

ఇదీ మనుషుల మర్యాద. అల్లుడి పరువు పోకూడదని బావమరిది ఆగాడు. తండ్రి పరువు పోకూడదని బిడ్డ ఆగింది. తన పరువు కోసం ఆయన ఎలాగూ ఆగాడు. ఈ ముగ్గురి పరువూ మోయాల్సింది ఆ కుంటలోని వేలెడంత కూడా లేని పిల్లలు.

టబ్బు చెరో పక్క పట్టుకుని బావలిద్దరూ పరిగెత్తారు. అక్కడ పిల్లల గుంపు చుట్టూ జిలేబీ చేపలు చేరి ఉన్నాయి. పక్కనే లకుముకి పిట్ట ఒకటి, ఆ ఎర్ర గుడ్డ కట్టె మీదే కూర్చుని, దిగడం, పొడవడం, మళ్లీ ఎక్కడం. ఇందాక చాటంత ఉన్న గుంపు గుప్పెడు మిగిలింది. చేపను వదిలారు. చిరిగిన దవడతో కాసేపు కదలకుండా నిలబడింది. ఉన్నట్టుండి జిలేబీల మీద విరుచుకుపడి, గుండ్రంగా తిరిగింది, మళ్లీ తిరిగింది, ఇంకా దూరంగా తిరిగింది. ఇందాక పిల్లలు ఉన్నంత మేరా వెతికింది. చివరికి ఆ గుప్పెడు కిందికే వచ్చి నిలబడింది. భూమన్న కట్టె పీకి వాటి దగ్గర పాతాడు. సుదర్శన్ బావమరిది ముఖంలోకి చూడలేక ఆ కట్టెనే చూస్తూ ఉండిపోయాడు.

పనిచేయించింది ఆయనే కావచ్చు, కానీ దిగింది నా ముళ్లే. ఆ చేప నన్ను మొదట తోసిన తోపు ఇప్పటికీ నా ఒంటి మీద ఉన్నట్టే ఉంటుంది. అంత మర్యాదగా పొమ్మన్నా పోలేదు కదా అని సిగ్గుతో చచ్చిపోతాను. రబ్బరుకు చావు కూడా అంత తొందరగా రాదు.

బయలుదేరే ముందు సుదర్శన్ పట్టకారుతో నా ముళ్లు రెండూ కత్తిరించి, నన్ను కారు ముందు అరలో పడేశాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను, పాత లైసెన్సు ఫారాల మధ్య. ఆ సాయంత్రం ఎండ ఇంకా ఉంది. వెనక సీట్లో స్వరూప కళ్లు మూసుకుంది. లహరి ముందు కూర్చుంది. ఊరు దాటి చాలా దూరం వచ్చాక ఆ పిల్ల గొంతు వినిపించింది.

"డాడీ, నేను మామకు అబద్ధం చెప్పిన. తిట్టవా?"

ఆయన గేరు మార్చాడు.

"మొన్న పెన్సిల్ డబ్బా గురించి అబద్ధం చెప్తే తిట్టినవ్ గదా. రెండు రోజులు మాట్లాడలే. ఇప్పుడెందుకు తిట్టవు?"

సుదర్శన్ కారు రోడ్డు పక్కకు తీసి ఆపాడు. లారీలు రెండు మూడు దాటిపోయాయి. ఇంజను ఆపి అన్నాడు. "నువ్వు నా కోసం చెప్పినవు బిడ్డా. నిన్నెట్ల తిడ్త?"

లహరి సీట్లో ఆయన వైపు తిరిగింది. వెక్కిరింత కాదు, కోపం కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మరి నువ్వెవరి కోసం చెప్పినవ్ డాడీ?"

ఆయన కారు కదిలించాడు. ఆ పిల్ల ఉప్పల్ వచ్చేదాకా నిద్రపోలేదు. చెప్తాడేమోనని ఆయన ముఖం వైపే చూస్తూ కూర్చుంది.