కాలవ కట్టేసినాక పీతలు

ప్రొజెక్టర్ వెలుగులో పీత బొమ్మ గోడంతా పరుచుకుంది. "పీతలు మొప్పలతో నీళ్లలోని ఆక్సిజన్ తీసుకుంటాయి" అని మహాలక్ష్మి చెబుతుంటే పిల్లలు తలొంచుకుని రాసుకుంటున్నారు. ఆమె ఈ యూనివర్సిటీలో గెస్ట్ లెక్చరర్. పరీక్షలు దగ్గరపడ్డాయి. పాఠాలింకా సగం మిగిలున్నాయి.

ఏడాదంతా నోరు తెరవని రేవతి లేచి నిలబడింది. సంగం దగ్గర రైతుల పిల్ల. "మేడం, మరి కాలవ కట్టేసి నీళ్లాగిపోయినాక మా పొలం గట్ల బొక్కల్లో పీతలు ఎట్టా బతుకుతాయి?"

"బస్సెక్కి నెల్లూరు పోతాయిలే!" అన్నాడు చిన్నబాబు. క్లాసంతా గొల్లున నవ్వింది.

"అది సిలబస్‌లో లేదమ్మా, కూర్చో" అనేసి మహాలక్ష్మి తరవాతి స్లైడుకు పోయింది. రేవతి కూర్చుని పెన్నుకు మూత పెట్టేసింది.

ఇంటికి పోయే బస్సులో మహాలక్ష్మికి రేవతి మొహమే కళ్లముందు. ఈ పిల్ల మళ్లీ నోరు తెరుస్తుందా?

ఇదే క్లాసులో తనూ ఒకప్పుడు వెనక బెంచీ పిల్లే. సముద్రం ఒడ్డున జువ్వలదిన్నె నుంచి వచ్చింది. ఇందిరమ్మ మేడం పాఠం మధ్యలో, "వెన్నెల రోజుల్లో పీతలు కండ లేక గుల్లగా ఉంటాయి, మా అమ్మ కూరొండదు" అని నోరుజారింది. అందరూ నవ్వారు. మేడం తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. పున్నమికొకసారి, అమావాస్యకొకసారి గంపెడు పీతలు తెప్పించి తూయించింది. ల్యాబంతా నీచు వాసన. తీరా చూస్తే తేడా ఏమీ తేలలేదు! మహాలక్ష్మి చిన్నబోతే మేడం స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. "ఎందుకు తేలలేదంటావ్?"

మధ్యాహ్నమంతా ఆలోచించి, ఆడా మగా కలిపేసి తూచామని తనే కనిపెట్టింది. ఆ నీచు వాసన తలుచుకుంటే ఇప్పటికీ ఆకలేసినట్టుంటుంది.

మర్నాడు ప్రొజెక్టర్ పెట్టలేదు. "రేవతీ, నిన్న అడిగింది మళ్లీ అడుగమ్మా."

"ఏం లేదు మేడం."

మహాలక్ష్మి పోయి ముందు బెంచీ చివర కూర్చుంది. పైన ఫ్యాను కిర్రుమంటోంది.

"సిలబస్ అయిపోదు మేడం" గుర్తుచేశాడు చిన్నబాబు.

"ఆదివారం వచ్చి చెబుతాలే. నువ్వు చెప్పు, బస్సొచ్చే దాకా పీత ప్రాణం ఎట్టా నిలిచింది?"

ఈసారి నవ్వు వాడి మీద. తల గోక్కున్నాడు. "నోట్లో నీళ్లు పట్టుకోనుంటాది మేడం."

"కాదు" అంది రేవతి, కూర్చునే. "నోట్లో కాదు. తవ్వితే బొక్క అడుగున బురద సల్లగా తగులుతాది. ఆ తడి మొప్పలకి సరిపోతాదేమో." ఆగి, లేచి నిలబడింది. "కానీ మేడం, ఆ బురదా ఎండిపోతే?"

మహాలక్ష్మికి జవాబు తెలుసు. చెప్పకుండా ఉండటానికి పెదవి కొరుక్కుంది.