గోధుమలు వండని ఇల్లు

మా ఊరి కవి వ్లాదెతకు దేవుడి మీద నమ్మకం ఉండేదా లేదా అన్నది ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. చర్చి గడప తొక్కేవాడు కాదు. ప్రార్థన మొదలైతే చేతులు జేబుల్లో దాచుకునేవాడు. అయినా ప్రతి నవంబరులో మా ఇంటి దేవదూత మిహైలో పండుగకు, ఎంత మంచు కురిసినా, బెల్‌గ్రేడ్‌లో బస్సెక్కి వచ్చేవాడు. ఆ పండుగకు ఎవరినీ పిలవరు. రావాలనుకున్నవాళ్లు వస్తారు.

మా సెర్బియాలో ఇంటికో పునీతుడు కాపు ఉంటాడు. వేరే ఇళ్లలో తమ పునీతుడి పండుగకు గోధుమలు ఉడికించి, చక్కెర, అక్రోటు పొడి కలిపి పెడతారు. అది చనిపోయినవారి తిండి. మిహైలోకు చావు లేదు కనుక మా ఇంట్లో వండరు.

ఆ రోజు ఇంటి యజమాని కూర్చోకూడదు. నేను నిలబడి వడ్డిస్తుంటే వ్లాదెత బల్ల చరిచేవాడు.

"ఏం మిలియా అన్నా, ఈసారీ గోధుమలు లేవా? మీ దేవదూత చావడు, నాకు తినే రాత లేదు! బాకీ ఉన్నావు, గుర్తుంచుకో."

"నువ్వు పోయాక పెడతాలే," అనేది మా ఆవిడ స్టామెంకా.

"మాట తప్పకు వదినా!"

అందరూ నవ్వేవారు. అతని అక్క యెలిసావ్క మాత్రం నవ్వేది కాదు.

ఎందుకో అతని నవల చదివాక తెలిసింది. కవిత్వంలో ఎక్కడా చెప్పని ఇంటి సంగతి అందులో రాశాడు. వాళ్ల పెద్దన్న యుద్ధానికి వెళ్లాడు. శవం కూడా రాలేదు. "నా బిడ్డ బతికే ఉన్నాడు" అంటూ తల్లి కన్నుమూసేదాకా ఆ ఇంట్లో గోధుమలు ఉడకనివ్వలేదు.

మొన్న జనవరిలో వ్లాదెత పోయాడు. తనను పూడ్చేటప్పుడు మతగురువు వద్దని ముందే చెప్పి ఉంచాడు. ప్రార్థన లేకుండానే మా ఊళ్లో పూడ్చారు. పోయినవారికి గోధుమలు పెట్టే నలభయ్యో రోజు దగ్గర పడుతుంటే, ఆ రోజు కూడా అతనికి ఏమీ పెట్టకుండా వదిలేస్తామేమోనని నాకు బెంగ పట్టుకుంది. యెలిసావ్క దగ్గరికి వెళ్లాను.

"వద్దు మిలియా. వాడి మాట నేనెలా కాదంటాను?"

"వాడు వద్దన్నది మతగురువునే అక్కా. గోధుమలు వద్దన్నాడా?"

ఆమె పొయ్యి వైపు చూసింది.

"ఎలా వండాలో నాకు తెలియదు," అంది. "అమ్మ నేర్పలేదు."

స్టామెంకా వండింది. గురువు దీవించని గోధుమలు దేవుడు ఒప్పుకుంటాడా? నాకు తెలియదు. ముగ్గురం మంచులో శ్మశానానికి నడిచాం. "దేవుడు అతని ఆత్మను క్షమించుగాక" అన్నాను. మొదటి చెంచా యెలిసావ్క తింది. చాలాసేపు నమిలింది.

నేను సమాధి మీది మంచు చేత్తో తోసి, ఒక చెంచా మట్టి మీద పెట్టాను.

"ఇదిగోరా వ్లాదెతా, నీ బాకీ."