నోటికి వేసిన పాస్‌వర్డ్

ఒకప్పుడు కండక్టరమ్మ నోరు తెరిచిందంటే బస్సు వెనక సీట్లో గుర్రు పెట్టేవాడు కూడా ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. అలాంటి మనిషికి రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాటా పోయింది. చెప్పిన మాట వినేది ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే. ఆ వేలి కింద ఒక పెద్ద మీట, మంచానికెదురుగా కంప్యూటరు. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. కావలసింది వెలిగినప్పుడు మీట నొక్కితే మాటలు కూడతాయి, స్పీకరు వాటిని పైకి చదువుతుంది. ఆ గొంతేమో ఎవరో పాతికేళ్ళ పిల్లది. ఆవిడ ఎంత ఘాటుగా తిట్టినా ముద్దుగానే వినబడి చస్తుంది.

అసలు బాధ అది కాదు. మొగుడు రోజూ పడుకునేముందు కంప్యూటరు ఆపేస్తాడు. మళ్ళీ పొద్దున పాస్‌వర్డ్ కొడితేగాని మాట్లాడే ప్రోగ్రాం తెరుచుకోదు, ఆ పాస్‌వర్డ్ దగ్గర మీట పనిచేయదు. ఆవిడకి ఐదింటికే మెలకువ వస్తుంది. ఆయనగారు లేచేది ఎనిమిదింటికి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊరందరి గడియారాలూ బాగుచేసిన మెకానిక్కే, తనకి మాత్రం తెల్లవారదు! ఆ మూడు గంటలూ ఆవిడ నోటికి తాళమే. పైగా ఏదైనా గొడవైన మర్నాడు ఆయనకి పదకొండింటిదాకా పాస్‌వర్డ్ గుర్తే రాదు.

"పన్నెండు అక్షరాలాయె, మర్చిపోనా మరి?" అంటాడు పాపం, ఏమీ ఎరగనట్టు.

ఆ ఆదివారం కోడలు మంచం పక్కన కూర్చోగానే కండక్టరమ్మ పావుగంట తంటాలు పడి మాటలు కూర్చింది.

"పాస్‌వర్డ్ తీసెయ్. నా అంతట నేను మాట్లాడాలి."

కోడలిది ఆఫీసులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం. టపీమని నెత్తి కొట్టుకుంది.

"నా మతి మండా! ఇన్నాళ్ళూ నాకు తట్టనేలేదు చూడండి అత్తయ్యా. ఈ కంప్యూటర్ని నడిపేది లినక్సే కదా, రెండు లైన్ల పని. ఆన్ అవగానే ఏమీ అడక్కుండా నేరుగా మీ పేరుతో లోపలికెళ్ళిపోతుంది. రోజూ ఐదింటికి దానంతటదే ఆన్ అయ్యేలా కూడా పెడతాను."

కండక్టరమ్మ కళ్ళింత చేసుకుంది. దానంతటదే!

"తలుపు బార్లా తెరిచి పెడతావేంటమ్మా? దొంగలు పడితే?" అన్నాడు గడియారాలాయన.

"ఏం ఎత్తుకుపోతారు మామయ్యా, అత్తయ్య తిట్లా?"

కోడలు సెట్టింగుల ఫైలు తెరిచి టకటకా రెండు లైన్లు దిద్దింది, సిస్టం ఆపి మళ్ళీ ఆన్ చేసింది. తెర నల్లబడింది, ఒక చక్రం తిరిగింది, చివరికి మళ్ళీ ఆ పాడు పాస్‌వర్డ్ గడే ప్రత్యక్షమైంది.

"చెప్పానా!" అన్నాడాయన. ఆ మీసాల కింది నవ్వు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

కోడలు పాస్‌వర్డ్ కొట్టి ఫైలు మళ్ళీ తెరిచింది. కిందా మీదా చూసింది, బుర్ర గోక్కుంది. "అంతా సరిగ్గానే ఉందే!"

కండక్టరమ్మ తెరవైపు గుచ్చి గుచ్చి చూసింది. గడువు తీరిన బస్సు పాసుని పది అడుగుల దూరం నుంచి పట్టేసిన కళ్ళవి. కింద అక్షరాల వరుస వెలుగుతూనే ఉంది. మీట నొక్కింది.

"కింది లైను ముందు హ్యాష్ గుర్తుంది. పైదానికి లేదు."

"అబ్బ!" కోడలు కుర్చీలోంచి ఎగిరినంత పని చేసింది. "హ్యాష్ ఉంటే సిస్టం ఆ లైను చదవనే చదవదు. ఎవరి పేరుతో వెళ్ళాలో చెప్పే లైనే అది! అత్తయ్యా, మిమ్మల్ని మా ఆఫీసులో పెట్టుకోవాలి!"

గడియారాలాయనకి కూడా నవ్వాగలేదు.

కోడలు ఆ గుర్తు చెరిపి మళ్ళీ ఆన్ చేసింది. ఈసారి చక్రం తిరిగింది, ఆగింది, ఏ గడీ రాలేదు. ఎవరూ చెయ్యి పెట్టకుండానే అక్షరాలు వచ్చి వరసగా నిలబడ్డాయి. కండక్టరమ్మకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. లోపల ఈల వేసి గంతులేయాలన్నంత సంబరం. ఇకనుంచి ఎవరి దయా అక్కర్లేదు!

మర్నాడు ఐదు ఎప్పుడవుతుందా అని నాలుగున్నరనుంచే కళ్ళు విప్పుకుని ఉంది. ముందు ఏం అనాలి? ఆ పదకొండింటి మతిమరుపు సంగతి తేల్చాలి. కిటికీ తెరవమనాలి. గురక గురించి నాలుగు తగిలించాలి. సరిగ్గా ఐదింటికి కంప్యూటరు గుర్రుమంది, తెర వెలిగింది. అనుకున్నవన్నీ ఎటు పోయాయో, వేలు మాత్రం ఒక్కొక్క అక్షరమే పట్టుకుంది.

"ఏమండీ."

ఆయన గభాల్న లేచాడు. "ఆఁ... ఏంటే? ఏం కావాలి? నీళ్ళా? దిండు సర్దాలా?"

రెండేళ్ళుగా ఇంటిల్లిపాదీ ఆవిడని అడిగే మాట అదొక్కటే. ఆవిడ తాపీగా మీట నొక్కుతూ పోయింది. ఆయన చెదిరిన జుట్టుతో అలాగే చూస్తూ కూర్చున్నాడు.

"ఏమీ వద్దు. ఊరికే."

ఆయన వెలుగుతున్న తెరవైపు చూశాడు. ఆవిడవైపు చూశాడు.

"ఊరికే పిలిచావా?" అన్నాడు.

స్టూలు లాక్కుని మంచానికి ఆనుకుని కూర్చున్నాడు.

"చెప్పవే, వింటాను."

బాగా తెల్లవారి ఎండ ఎక్కేదాకా ఆవిడ చెబుతూనే ఉంది.