డ్రైవరు లేని కారు, డ్రైవరు మీద కేసు

గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని కాలవగట్టు రోడ్డు దాటుతున్న వీరవేణిని కారు గుద్దేసింది. అది దానంతటదే నడిచే కారు. కొత్తపేట దగ్గర నాలుగు నెలలుగా ఒక కంపెనీ దాన్ని నడిపి చూస్తోంది. లారీని, గేదెని, సైకిలుని గుర్తుపడుతుందని చెప్పారు. మోపు కింద మనిషిని గుర్తుపట్టలేదు.

స్టీరింగు ముందు కూర్చున్నవాడు పాపారావు. రావులపాలెంలో పద్దెనిమిదేళ్లు అరటి లారీ తోలాడు. ఇక్కడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి, ప్రమాదమనిపిస్తే బ్రేకు తొక్కాలి. తొక్కాడు. కారు వెంటనే ఆగలేదు.

వీరవేణి కాలు రెండుచోట్ల విరిగింది. ఆమెను అమలాపురం ఆసుపత్రికి పంపారో లేదో, కంపెనీ ఇంజనీరు హేమంత్ కాగితం తెచ్చాడు. ఫోను చూస్తూ బ్రేకు తొక్కలేదని పాపారావు ఒప్పుకున్నట్టు అందులో ఉంది. కారులో కెమెరా ఉందిగా, వీడియో చూపించమన్నాడు పాపారావు. ఆ పది నిమిషాలూ రికార్డు కాలేదన్నాడు హేమంత్. నాలుగు నెలలుగా తన ఆవలింతలు కూడా వదలని కెమెరా అది. పాపారావుకి అనుమానం గట్టిపడింది. సంతకం పెట్టలేదు.

మర్నాడు ఆటోస్టాండులో డ్రైవర్లు, వీరవేణితో కూలికెళ్లే ఆడవాళ్లు పోగయ్యారు. పాపారావు వెళ్లి జరిగింది చెప్తే ఎవరూ నమ్మలేదు. కంపెనీయే పంపిందేమో అన్నారు. యూనియన్ పెద్ద మాణిక్యాలరావు సూటిగా అడిగాడు.

"మా పొట్ట కొట్టే కారుకి దారులు నేర్పింది నువ్వు కాదేంట్రా?"

"నేనేనండి. అది నేర్చుకున్నాక నన్నూ దింపేస్తారని తెలిసే నేర్పేను. తప్పేనండి."

అప్పుడు వీరవేణి పక్క గట్టునే గడ్డి కోసిన మరియమ్మ లేచింది.

"ఈయన ముందుకి వంగి బ్రేకు తొక్కడం నేను చూసేనండి. కారే ఆగలేదు. ఈయన్ని నమ్మకపోతే పోనీ, కంపెనీని నమ్ముతారేంటండి?"

వీడియో అందరి ముందూ చూపించేదాకా కారు కదలకూడదని తీర్మానించారు. కంపెనీ షెడ్డు గేటుకి అడ్డంగా ఆటోలు పెట్టారు. మధ్యాహ్నానికి ఎస్సై వ్యానుతో వచ్చాడు. కేసు కాగితంలో పాపారావు పేరొక్కటే ఉంది. కంపెనీ ఊసే లేదు.

పాపారావుని వ్యానెక్కించారు. ఎవరూ పిలవకుండానే మరియమ్మ ఎక్కింది. ఆమె వెనక కూలి ఆడవాళ్లు, డ్రైవర్లు ఎక్కారు. ఎస్సై దిగమన్నాడు. కంపెనీ పేరు రాస్తే దిగుతామంది మరియమ్మ.

వ్యాను కిక్కిరిసిపోయింది. మాణిక్యాలరావు జనాన్ని తోసుకుంటూ పాపారావు దగ్గరికొచ్చాడు.

"కాస్త జరగరా," అని పక్కన కూర్చున్నాడు.