వెనక వంటగది

పొద్దున్నే ఇడ్లీ పిండి మూత తీసి చూశాను. పొంగలేదు. అమెరికాలో మా ట్రాయ్ ఊరి జనవరి చలికి పిండి కూడా ముడుచుకుని పడుకుంది. మా ఆయన దివాకర్ వచ్చి చూసి నిజంగానే బాధపడ్డాడు. సాయంత్రానికల్లా రెండు హీటింగ్ ప్యాడ్లు కొనుక్కొచ్చి, పిండి గిన్నెల్ని తన ఆఫీస్ రూమ్‌లోకి మార్చి, వాటి కింద పరిచాడు. కోటు మీద ఏప్రన్ కట్టుకుని ఉల్లిపాయలు తరుగుతున్న నన్ను మాత్రం కాస్త జరగమన్నాడు, దారికి అడ్డంగా ఉన్నానని. మొగుడి మీద అంత అసహ్యం వేస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు.

మా టిఫిన్ సెంటర్‌లో పొయ్యిలకీ, గదులు వేడిచేసే హీటర్‌కీ వాడే గ్యాస్‌కి ధర నెలనెలా మారే ప్లాన్ ఉంది. చలికాలం రేటు ఎగబాకుతుంది, ఇప్పుడే ఏడాదంతా ఒకే రేటుకి కుదుర్చుకుందాం, వెనక తలుపు సందులు మూయిద్దాం అని సెప్టెంబర్‌లోనే చెప్పాను. స్నేహితుల ముందు నవ్వాడు. నన్ను సాంబారు సంగతి చూడమన్నాడు, మార్కెట్ సంగతి తను చూస్తానన్నాడు. డిసెంబర్ బిల్లు వచ్చాక ఆ మార్కెట్ పండితుడు చేసిన పని ఒకటే, వెనక వంటగదిలో హీట్ ఆపేయడం. ముందు హాల్లో కస్టమర్లు స్వెట్టర్లు విప్పి కూర్చుంటారు. వెనక పొగ లాగే ఫ్యాన్ తిరిగినంతసేపూ తలుపు సందుల్లోంచి మంచుగాలి దూసుకొస్తుంది. గిన్నెలు తోమితోమి నా వేళ్లు పగిలి నెత్తురు కారేవి. మా అత్తగారు నాగమల్లేశ్వరిగారు చూసి, పొయ్యి దగ్గరుండే ఆడదానికి చలేమిటమ్మా అన్నారు. జీతం మాటెత్తితే, మన షాపులో మనకి జీతమేంటి అంటాడు దివాకర్. ఐదేళ్లుగా ఆ వంటగది తలుపు తీసేదీ నేనే, వేసేదీ నేనే. ఒక స్కూల్ క్యాంటీన్‌లో ఉద్యోగమిస్తామంటే, నేను రాకపోతే షాపు మూతపడుతుందని వద్దనుకున్నాను.

ఇంత చేసినవాణ్ణే, చలికాలం ఖర్చులు తట్టుకోవడం ఎలాగో చెప్పమని తెలుగు వ్యాపారుల మీటింగ్‌కి పిలిచారు. స్లైడ్లు నన్నే చేసిపెట్టమన్నాడు. నేను మొత్తుకున్నవన్నీ వరసగా పెట్టాను. స్టేజీ మీద వాటిని తన బుర్రలోంచి పుట్టినట్టే చదివాడు. మనవాళ్లందరం చలి వచ్చాకే మేలుకుంటామని అందరికీ హితవు చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేను హాలు చివర నిలబడి, వచ్చినవాళ్లకి టిఫిన్లు వడ్డిస్తున్నాను.

స్వీట్ షాపు నడిపే ఉజ్వలగారు లేచి, వెంటనే బిల్లు తగ్గేలా మీ షాపులో ఏం చేశారని అడిగారు.

"సింపుల్ అండీ. బ్యాక్ కిచెన్‌లో హీట్ ఆఫ్ చేసేశాను. అక్కడెవరూ ఉండరు కదా."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. కొందరు ఫోన్లలో రాసుకున్నారు కూడా. నన్ను నొప్పించాలని అనలేదతను. నొప్పించాలన్నా నేనొకదాన్ని ఉన్నానని ముందు గుర్తుకు రావాలి కదా. అతనికి తెలిసిన నిజం అంతే, దాన్నే చెప్పాడు.

గరిటె కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాను.

"నిజమేనండీ ఉజ్వలగారూ," అన్నాను, గొంతు పెంచకుండానే. "రేపట్నుంచి అక్కడెవరూ ఉండరు."